స్వామికి పదోవంతు

ఈ శనివారం విష్ణు సహస్రనామ పారాయణ కొండల్ రావు గారింట్లో. నా హ్యాండ్‌బ్యాగ్‌లో మా చిన్నమ్మాయి రియా కోర్సుల ఫారం ఉంది. వచ్చే ఏడాది పదకొండో తరగతిలో అది ఐదు ఏపీలు తీసుకోవాలని మా ఆయన భానుప్రకాష్ పట్టు. తీసుకుంటే స్కూల్లో పాటల క్లాసు మానాలి, శనివారాలు ఈ పారాయణా మానాలి. సోమవారంలోగా సంతకం పెట్టాలి.

ఏపీ అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ పాఠం. పరీక్షలో మంచి స్కోరు వస్తే కాలేజీ క్రెడిట్ ఇస్తుందని, అంటే ఆ పాఠం చదివేసినట్టే లెక్క వేస్తుందని, ఆ మేరకు ఫీజు తగ్గుతుందని అమెరికాలో మా ఊరు ఫార్మింగ్టన్ హిల్స్‌లో తెలుగువాళ్లందరి నమ్మకం. ఆ నమ్మకానికి మూలపురుషుడు కొండల్ రావు గారే. వారమంతా కార్ల బ్రేకులు డిజైన్ చేస్తారు. శనివారం పులిహోర ప్లేటు చేతికి రాగానే కాలేజీల గురించి చెప్పడం మొదలుపెడతారు. ఆయన మాట విని మా పెద్దమ్మాయి ప్రణవి చేత తొమ్మిది ఏపీలు రాయించాం. మంగళహారతి పాడే పిల్ల, మూడేళ్లు పారాయణకి రాలేదు. మిగిలే ఫీజులో పదోవంతు స్వామికి ఇస్తానని మా ఆయన మొక్కుకున్నారు. స్కోర్లు కాలేజీకి పంపే రోజు ముహూర్తం చూసి, కొబ్బరికాయ కొట్టి, లాప్‌టాప్‌కి బొట్టు పెట్టి తొమ్మిదీ ఒకేసారి పంపారు.

ఈ జనవరిలో ప్రణవి రెండో సెమిస్టర్ బిల్లు వచ్చింది. ఫీజు పెరిగింది. మా ఆయన కాలేజీకి ఫోన్ చేస్తే ఓపిగ్గానే చెప్పారట. క్రెడిట్లు ఎక్కువయ్యాయి కనుక తను లెక్కకి మూడో ఏడాది విద్యార్థి, పై తరగతులకి ఫీజు ఎక్కువ. పోనీ చదువు ముందే అయిపోతుందా అంటే, ఇంజనీరింగ్ పాఠాలు వరసగా చదవాల్సిందే, నాలుగేళ్లూ పడుతుంది. అక్కర్లేని స్కోర్లు పంపకుండా ఉండాల్సింది, పంపాక తీసెయ్యరు. వేరే కాలేజీలో నిజంగానే ఫీజు తగ్గుతుందేమో, నాకు తెలియదు. నా చదువు ఇంటర్‌తో ఆగింది. కానీ పంచాంగాన్ని అడిగిన మనిషి కాలేజీని ఎందుకు అడగలేదో అదీ నాకు తెలియదు.

పారాయణ అయ్యాక కొండల్ రావు గారు రియాని పిలిచి ఎన్ని తీసుకుంటున్నావని అడిగారు. ఐదన్నారు మా ఆయన.

"ఐదేం సరిపోతాయి భాను? ఎనిమిది చేయించు. ఫ్రీ కాలేజ్ అది."

మా బిల్లు సంగతి మా ఆయన ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడూ చెప్పేలా లేరు.

"అన్నయ్యగారూ, నాకు తెలియక అడుగుతున్నాను," అన్నాను. "మీ ఈషాన్ పదకొండు రాశాడు కదా, ఫీజు ఎంత తగ్గిందండీ?"

ఆయన పులిహోరలో జీడిపప్పు వెతుక్కున్నారు. ఆయన భార్య మీనాక్షి గారు గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చారు.

"నాలుగేళ్లూ ఫుల్ ఫీజే కట్టాం వదినా. తగ్గింది వాడి నిద్రే."

"అన్నీ డబ్బుతోనే చూస్తే ఎలా అమ్మా? నాలెడ్జ్ వస్తుంది కదా," అన్నారాయన. ఇన్నేళ్లూ మాకు ఒక్కో ఏపీని డాలర్లలోనే లెక్కగట్టి చెప్పిన మనిషి.

కారెక్కాక ఫారం బయటికి తీశాను. రియాని ఏం కావాలని అడిగాను. అంతవరకు ఆ పిల్లని ఎవరమూ అడగలేదు.

"కెమిస్ట్రీ ఓకే అమ్మా, ఐ లైక్ ఇట్. మిగతావి వద్దు."

మా ఆయన రాసిన ఐదింట్లో కెమిస్ట్రీ ఉంచి మిగతా నాలుగూ కొట్టేశాను. పాటల క్లాసు రాసి సంతకం పెట్టాను. మా ఆయన సిగ్నల్ దగ్గర బ్రేకు వేసి, ఫారం వైపు చూసి, మరి మొక్కు సంగతేమిటని అడిగారు. మిగిలింది సున్నా అయినప్పుడు అందులో పదోవంతు ఎంతో స్వామికి తెలియదా అన్నాను.

వచ్చే శనివారం పారాయణ మా ఇంట్లో. రియా హారతి పాడుతుంది. ఆ రోజు ఇంటికి వచ్చి చెల్లితో కలిసి పాడమని ప్రణవికి ఫోన్ చేశాను. వస్తానంది. పాట మాత్రం మరిచిపోయానంది.