రెండు గడపల క్లాసు

శ్రీహరి ఫోన్ టింగుమన్నప్పుడు నవీన చేతుల నిండా జొన్నపిండి ఉంది. చేతులు కడుక్కునే ఓపిక ఆమెకు లేదు. చార్జింగుకు పెట్టిన ఫోన్‌ను మోచేత్తో తన వైపు తిప్పుకుని, ముక్కు కొసతో తెర నొక్కి, వచ్చిన సందేశం చదివింది. మళ్ళీ చదివింది. తర్వాత పొయ్యి మీది రొట్టె సంగతి దేవుడికి వదిలేసి, ఫోన్ లాక్కుని, చెప్పులు కూడా వేసుకోకుండా పక్క సందులోని కార్ఖానాకు పరుగెత్తింది.

సిరిసిల్లలో ఏ కార్ఖానాలోనైనా మాట వినిపించదు. సాంచాలు, అంటే కరెంటుతో నడిచే మగ్గాలు, ఒక్కో మనిషి చుట్టూ ఎనిమిది ఆడుతుంటాయి. శ్రీహరి వాటి మధ్య తెగిన పోగు ముడేస్తున్నాడు. నవీన ఫోన్‌ను అతని కళ్ళకు అంటించినంత దగ్గరగా పెట్టింది. అతను చదివాడు. చదివి, ఒకటొకటిగా ఎనిమిది సాంచాలూ ఆపేశాడు. పట్టపగలు అంత నిశ్శబ్దం ఎరగని పక్కింటివాళ్ళు కరెంటు పోయిందేమోనని బయటికి వచ్చి చూశారు.

"నీకు డిగ్రీ సీటొచ్చింది!" అంది నవీన.

"వచ్చింది గని, గిది చొప్పదండి అని ఉన్నదేంది? మనం వేములవాడ సెంటర్ పెట్టినం గదా?"

"నువ్వు వేములవాడ అన్నవు. నేను చొప్పదండి పెట్టిన."

"మీ ఊరా? గంత దూరం ఎందుకే?"

"గోడకు క్యాలెండరున్నది, చూడు."

శ్రీహరి చూశాడు. ఇంకో మూడు రోజుల్లో ఆషాఢం. పెళ్ళయి మూడు నెలలు కూడా నిండలేదు. ఆషాఢంలో కొత్త కోడలు పుట్టింట్లో ఉండాలి, అల్లుడు అత్తగారింటి గడప తొక్కకూడదు. అత్తా అల్లుడూ ఒకే గడప దాటకూడదు. ఆ నెల తలుచుకున్నప్పుడల్లా ఇద్దరికీ అన్నం సహించడం లేదు.

"ఆషాఢంల అత్తగారింటి గడప తొక్కొద్దన్నరు," అంది నవీన వేళ్ళు మడుస్తూ. "కాలేజీ గడప తొక్కొద్దని ఏ పెద్దమనిషి చెప్పలే. క్లాసులు ఐతారం నాడే. నాలుగు ఐతారాలు. నువ్వు చదువుకుందువు, నేను నిన్ను చూసుకుందు."

శ్రీహరి ఆమె ముక్కు మీది పిండి తుడిచాడు. "డిగ్రీ చదివిన పెండ్లాంతోని గిదే పరేషాన్," అన్నాడు, ఆ పరేషాన్ తనకెంత ఇష్టమో ముఖం దాచలేకపోయింది.

నిజానికి ఆ చదువు అతనికి అవసరమే. ఇంటర్ పాసైన మర్నాడే సాంచాల మధ్య నిలబడ్డాడు. ఇప్పుడు టెక్స్‌టైల్ పార్కులో సూపర్‌వైజర్ కావాలంటే డిగ్రీ అడుగుతున్నారు. పని మానుకుని కాలేజీకి పోయే రోజులు దాటిపోయాయి. ఓపెన్ డిగ్రీ అయితే వారమంతా పని, ఆదివారం క్లాసు, పాఠాలు ఫోన్‌లో, మూడేళ్ళలో అయితే మూడేళ్ళు, కాకపోతే ఇంకా నిదానంగా. ఇవన్నీ నవీన అతనికి ఒక వారం పాటు నూరిపోసింది. ఆషాఢం సంగతి మాత్రం చెప్పలేదు.

*

చొప్పదండి సెంటరంటే పెద్ద భవనమేమీ కాదు. వారమంతా ఇంటర్ పిల్లలు చదివే కాలేజీ, ఆదివారం మాత్రం పనిచేసుకునేవాళ్ళది. మొదటి ఆదివారం నవీన ఇంట్లో చెప్పిన అబద్ధం చాలా చిన్నది: "స్పందనోళ్ళ ఇంటికి పోయొస్త." విన్నది కూడా తల్లి ఒక్కతే. ఆమె బాపు రాములు బస్టాండ్ దగ్గరి తన దర్జీ కొట్టులో ఉన్నాడు. అంగన్‌వాడీ టీచరైన ఆ అవ్వ, కనకవ్వ, అది విని పొద్దున తొమ్మిదింటికే "మీటింగున్నది" అని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం భోజనాల వేళకు నవీన కాలేజీ చేరేసరికి శ్రీహరి సైకిల్ స్టాండు వెనుక నక్కి ఉన్నాడు. ముఖం తెల్లటి గుడ్డలా ఉంది.

"ఏమైంది బావా?"

"లోపల మీ అవ్వ ఉన్నది."

"మా అవ్వకు గిక్కడేం పని?"

"ముందు బెంచీ. నోట్‌బుక్, రెండు పెన్నులు. నేను లోపలికి కాలు పెట్టిన, అత్తమ్మ తలెత్తింది. ఇద్దరం ఒక్కపారే లేచి నిలబడ్డం. సారు వచ్చిండనుకొని క్లాసంత లేచింది."

నవీన నవ్వాపుకోలేక సైకిల్ స్టాండు పట్టుకుంది. అంతలో కనకవ్వ టిఫిన్ డబ్బాతో బయటికి వచ్చింది. అల్లుణ్ణి చూసి కొంగు తల మీదికి లాక్కుంది. కూతుర్ని చూసి లాక్కున్న కొంగు వదిలేసింది.

"స్పందనోళ్ళ ఇల్లు గిటు మళ్ళిందానే?" అంది.

"మీ మీటింగు గిక్కడ పెట్టిండ్రా అవ్వా?" అంది నవీన.

తల్లీ కూతుళ్ళు ఒకరినొకరు కొలిచి చూసుకున్నారు. ముందుగా దిగివచ్చింది కనకవ్వే. "పదిహేనేండ్ల సంది పిల్లలకు గుడ్లు ఉడకవెట్టుడే అయితుంది. సూపర్‌వైజర్ కావాలంటే డిగ్రీ ఉండాల్నట. మీ బాపుకు చెప్పకు. బిడ్డ పెండ్లి చేసి తల్లి కాలేజీకి పోతుందని ఊరంత నగుతరు, ఊరి కన్న ముందు మీ బాపు నగుతడు."

"నువ్వు గీయన సంగతి చెప్పకు, నేను నీ సంగతి చెప్ప."

ఒప్పందం కుదిరింది. కాని ఆషాఢం ఒప్పుకోవాలి కదా. అత్తా అల్లుడూ ఒకే గడప ఎలా దాటుతారు? కనకవ్వ ఆ మాట అని, పుస్తకాలు చంకన పెట్టుకుని ఇంటికి బయలుదేరబోయింది. నవీన క్లాసుగది చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వచ్చింది. దానికి రెండు తలుపులున్నాయి. ముందు తలుపు అత్తది, వెనుక తలుపు అల్లుడిదని తీర్పు చెప్పింది. గడపలు రెండైనప్పుడు దోషం ఎక్కడిది?

అలా కూర్చున్నారు, ముందు బెంచీలో అత్త, చివరి బెంచీలో అల్లుడు. పాఠం చెప్పే రామచంద్రం సారుకు ఈ గడపల గొడవ తెలియదు. ఆయన వరుస నంబర్ల ప్రకారం ఇద్దరిద్దరిని లేపి, ఒకరు ప్రశ్న అడగాలి, ఒకరు జవాబు చెప్పాలి అన్నాడు. కనకవ్వ నంబరు నలభై ఒకటి. శ్రీహరిది నలభై రెండు.

కిటికీ అవతల నిలబడ్డ నవీన కొంగు నోట్లో కుక్కుకుంది.

కనకవ్వ గోడ వైపు తిరిగి, మధ్య బెంచీలోని ఆర్టీసీ కండక్టర్ అంబదాస్‌తో అంది: "తమ్మీ, గ్రామసభ ఎన్నేండ్లకు ఒకపారి పెడ్తరో వెనుకాయనను అడుగు."

శ్రీహరి కప్పు వైపు చూస్తూ, "అన్నా, ఏండ్లకు కాదు, ఏడాదిల ఎన్నిసార్లని అడగాలని చెప్పు," అన్నాడు.

అంబదాస్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "బస్సుల టికెట్ల లెక్క అందించుకుంటున్నరేంది? మీరిద్దరు మాట్లాడుకోరా?"

"ఆషాఢమన్నా," అన్నాడు శ్రీహరి దీనంగా.

క్లాసంతా అర్థం చేసుకుంది. రామచంద్రం సారు కూడా చాక్‌పీసు చేతిలో పట్టుకుని, తన పెళ్ళైన కొత్తలో ఆషాఢం నాటి కథ ఒకటి చెప్పి, పాఠం పావుగంట ఆలస్యంగా మొదలుపెట్టాడు.

రెండో ఆదివారం నుంచి కనకవ్వ టిఫిన్ డబ్బాకు ఇంకో గిన్నె పెరిగింది. ఆషాఢంలో అల్లుడికి ఎదురుగా వడ్డించకూడదు కానీ, పప్పులు కలిపి కాల్చిన బియ్యప్పిండి రొట్టె, వేడి వేడి సర్వపిండి ఒకటి మరిచిపోయినట్టు వెనుక గడప దగ్గర పెడితే తప్పేముంది? సైకిల్ స్టాండు నీడలో నవీన అతనికి తుంచి పెట్టేది. పప్పులు కరకరలాడుతుంటే, ఆ వారం తెగిన పోగుల సంగతి అతనూ, బాపు పాడుచేసిన జాకెట్ల సంగతి నవీనా చెప్పుకునేవారు. తర్వాత అత్త రాసుకున్న నోట్సు అల్లుడికి, అల్లుడు ఫోన్‌లో దించిన పాఠాలు అత్తకు నవీన చేతుల మీదుగా మారేవి. ఇంత చదువు తన డిగ్రీలో కూడా ఆమె మోయలేదు.

*

మూడో ఆదివారం క్లాసు ముగిసేముందు రామచంద్రం సారు ఒక కాగితం చదివాడు. సోమవారం అందరూ కరీంనగర్‌లోని పెద్ద కేంద్రానికి ఒరిజినల్ ఇంటర్ మార్కుల మెమోతో స్వయంగా రావాలి. రానివాళ్ళ సీటు రద్దు.

శ్రీహరి మెమో అతని సంచిలోనే ఉంది. అతను సాయంత్రం బస్సుకు సిరిసిల్ల వెళ్ళిపోయి, పొద్దున నేరుగా కరీంనగర్ వస్తానన్నాడు. అందరూ వెళ్ళిపోయాక కూడా కనకవ్వ ముందు బెంచీలోంచి లేవలేదు.

"నాకు ఇగ చాలు బిడ్డా," అంది. "నా మెమో సందుగ పెట్టెల ఉన్నది. తాళంచెవి మీ బాపు మొలతాడుకు ఉన్నది. అడిగితే ఎందుకంటడు. చెప్తే క్లాసు చూస్తనని గిక్కడికి వస్తడు. వస్తే వెనుక బెంచీల అల్లుడు దొరుకుతడు. ఆషాఢం పట్టింపు మీ బాపుకు ఎంతున్నదో నీకు ఎర్కే గదా. మీరన్న సంబరంగ ఉండుండ్రి."

కనకవ్వ రెండు పెన్నుల మూతలూ గట్టిగా బిగించి సంచిలో వేసుకుంది. అది చూసి నవీనకు, ఇన్ని ఆదివారాల్లో మొదటిసారి, నవ్వు రాలేదు. తన ముచ్చట కోసం అవ్వ చదువు మానుకోవడమా? పెన్ను మూతలు మళ్ళీ తెరవాల్సిందే.

ఇంటికి చేరేలోపు ఆమెకు ఉపాయం తట్టింది. ఆ సందుగలోనే తన డిగ్రీ మెమో కూడా ఉంది.

రాములు కొట్టు కట్టేసి వచ్చి, కాళ్ళు కడుక్కుని చాయ్ తాగుతున్నాడు. "బాపూ, ఒక నౌకరికి పెట్టాలె, నా డిగ్రీ మెమో తీసియ్యవా?" అంది నవీన తియ్యగా.

రాములు మొలతాడు విప్పకుండానే సందుగ మీదికి వంగి తాళం తీశాడు. పట్టుచీరలు, పెళ్ళిఫోటో, కాగితాల సంచి. కూతురి మెమో తీసి ఇచ్చి, చాయ్ గ్లాసు కోసం వెనక్కి తిరిగాడు. ఆ రెప్పపాటులో నవీన చెయ్యి సంచిలో దూరి, కింది మెమోను పట్టుకుంది. రాములు ఇటు తిరిగాడు. కొంగు కిందికి పోతున్న కాగితం సగం బయటే ఉంది.

"గది మీ అవ్వది. గా పాత మెమో నీకెందుకే?"

నవీనకు అబద్ధాలు ఒకటికి రెండు అందుబాటులో ఉన్నాయి. వంటింటి గుమ్మంలో అవ్వ చెయ్యి గోడను పట్టుకుని కనిపించింది. నవీన అబద్ధాలు రెండూ వదిలేసింది.

"అవ్వ డిగ్రీ చదువుతుంది బాపూ. రేపు గిది చూపియ్యకపోతే సీటు పోతది. ఇంకోటి... నీ అల్లుడు సుత అదే క్లాసుల ఉన్నడు. మూడు ఐతారాల సంది వస్తుండు."

రాములు గ్లాసు కింద పెట్టాడు. లేచి నిలబడ్డాడు.

"మూడు ఐతారాలు అల్లుడు మన ఊరికి వచ్చిండా?"

"వచ్చిండు."

"వచ్చి, మన ఇంట్ల చాయ్ నీళ్ళు తాగకుంట పోయిండా? కొత్తల్లుడు! ఊళ్ళె నా ఇజ్జత్ ఏం కావాలె?"

"ఆషాఢం గదా బాపూ, ఇంటికి రావద్దాయె."

ఆ మాటకు రాములు చిక్కుల్లో పడ్డాడు. ఇంటికి పిలిస్తే పట్టింపు పోతుంది, పిలవకపోతే మర్యాద పోతుంది. "మరి ఏమన్న తిన్నడా?" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

"సర్వపిండి తిన్నడు."

"గందుకేనా ఐతారం వస్తే బియ్యంపిండి డబ్బా ఖాళీ! ఎలుకలనుకొని బోను సుత పెట్టిన." అప్పుడతను వంటింటి వైపు తిరిగాడు. "నాకెందుకు చెప్పలే కనకవ్వా?"

"నగుతవని," అంది కనకవ్వ గోడ చాటు నుంచే.

"నగుత. ఇరవై అయిదేండ్ల సంది నువ్వు వండిన పులుసు జూసి నగుతనే ఉన్న, వండుడు బంద్ జేసినవా?" ఆ పాత మెమోను కూతురి చేతిలోంచి తీసుకుని, అద్దాలు పెట్టుకుని, ట్యూబులైటు కింద పట్టుకున్నాడు. అతను చాలాసేపు చదివాడు. "ఇంగ్లీషుల ముప్పై ఆరు," అన్నాడు, నవ్వాడు కూడా. కాని ఆ కాగితాన్ని మడత పడకుండా, కొత్త జాకెట్ గుడ్డ ముక్కలో చుట్టి మరీ కనకవ్వ చేతికిచ్చాడు.

కనకవ్వ దాన్ని రెండు చేతులతో అందుకుంది. "రేపెట్ల పోవుడు? బస్సుల అల్లుడు ఎదురైతే..."

"బస్సు లేదు, గిస్సు లేదు. ఫికర్ చెయ్యకు," అన్నాడు రాములు, గుడ్డ మీద గీత గీసినంత ఖచ్చితంగా. "రేపు పొద్దుగాల ఏడింటికి రాజం ఆటో చెప్తున్న. కొట్టు బంద్. నువ్వు, నేను, బిడ్డ వెనుక కూసుంటం. కరీంనగర్ బస్టాండుల అల్లుణ్ణి ముందల డ్రైవర్ పక్కన ఎక్కిచ్చుకుంటం. ఆషాఢమయితే ఏంది, ఆటోకు గడప ఉంటదా? సర్వపిండి జర ఎక్కువ చెయ్యుండ్రి, రాజం సుత తింటడు."