ఊదారంగు తొట్టి

అక్కాతమ్ముళ్లు ఫిల్ములు కడిగే దుకాణంలో గడియారాల మేస్త్రీ రీలు డబ్బాను బల్లమీద పెట్టి, మూతమీంచి చెయ్యి తీయకుండానే చెప్పాడు.

"ఇరవై రెండేళ్ల కిందట తీసింది, కడిగించకుండానే ఉండిపోయింది. మా ఆవిడ పోయాక కుట్టుమిషను సొరుగులో దొరికింది. చాలావరకు ఆవిడే తీసింది. చివర్లో ఆవిణ్ని నేను తీశాను. నా ప్రొజెక్టర్లో ఆడేలా చేసివ్వండి."

అంటే నెగటివ్‌గా కడిగితే చాలదు. కడిగినప్పుడు ఫిల్ము పూతలో మొదట నల్లబడ్డ వెండిని ఒక మందుతో కరిగించేసి, మిగిలినదానికి మళ్లీ వెలుగు చూపించి నల్లబరచాలి. అప్పుడే అదే ఫిల్ముమీద అసలు బొమ్మ తేలుతుంది. తమ్ముడికి చిక్కంతా ఆ కరిగించే మందు దగ్గరే.

మందులు రెండు. నారింజరంగు డైక్రోమేట్ ఫిల్ముకు ఏ హానీ చెయ్యదు, మనిషినే తింటుంది. ముప్పై ఏళ్లు దానితో పనిచేసిన అక్కకు వేళ్లమీద మానని పుళ్లు, ముక్కు లోపలి గోడకు చిల్లు. డాక్టరు గట్టిగా కోప్పడ్డాక ఆ సీసా బీరువాలోకి, తాళంచెవి తమ్ముడి జేబులోకి వెళ్లాయి. రెండోది ఊదారంగు పర్మాంగనేట్. మనిషి జోలికి అంతగా రాదు గానీ, పాత ఫిల్ముమీద బొమ్మను పట్టి ఉంచే పూతను మెత్తబరుస్తుంది.

తమ్ముడు చీకటిగదిలో రీలు తిరగచుట్టి, మొదట్లోంచి జానెడు ముక్క కత్తిరించి కడిగి, ఊదారంగులో ముంచాడు. అంచుల్లో పూత పాలమీది మీగడలా ముడతపడింది.

అక్క చూసింది. "తాళంచెవి ఇటివ్వు."

"ఇవ్వనక్కా."

"నా ముక్కు ఎలాగూ పోయింది. ఆ బొమ్మ ఎందుకు పోవాలిరా?"

"పోనీ, నేనే కలుపుతాను."

"నువ్వా సీసా ముట్టుకున్నావంటే నేనీ గుమ్మం తొక్కను."

మర్నాడు అక్క ఆస్పత్రికి వెళ్లిన పూట చూసి, తమ్ముడు పర్మాంగనేట్‌ను సగానికి పలచన చేశాడు. నీళ్లు చల్లబరిచాడు. పూత గట్టిపడాలని ఫిల్మును పటిక నీళ్లలో నానబెట్టాడు. తనకు తెలిసిందంతా చేశాడు.

రీలు చాలామటుకు నిలిచింది. డబ్బాలో పైకి ఉన్న ఆఖరి చుట్లకు ఏనాడో తేమ తగిలినట్టుంది, చివరి పన్నెండు అడుగుల్లో పూత జారిపోయి ఉత్త పట్టీ మిగిలింది.

మేస్త్రీ తెరమీద చూశాడు. బల్లమీదికి వంగి పనిచేసుకుంటున్న వయసులోని తను. తలెత్తి నవ్వి, చాల్లే అన్నట్టు చెయ్యి ఊపాడు. మళ్లీ తనే, మళ్లీ తనే. తర్వాత తెర తెల్లబడింది.

"ఆవిడేదీ?"

తమ్ముడు ఉన్నదున్నట్టు చెప్పాడు. బీరువాలోని నారింజరంగు మందు సంగతీ దాచలేదు.

"అది వాడి ఉంటే?"

"నిలిచేదేమో."

మేస్త్రీ పక్కనే నిలబడ్డ అక్క వేళ్లవైపు చూశాడు. రీలు చంకన పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

మూడోనాడు అక్క తొట్లు కడుగుతోంది. తమ్ముడివైపు తిరక్కుండానే అంది. "నామీద నీకున్న ప్రేమ కాదనను. పోయింది మాత్రం ఆయనది. ముందు ఆయన్నొక మాట అడగాల్సిందిరా."

అడిగితే ఆయన నారింజరంగు మందే వాడమంటాడేమోనన్న భయంతోనే అడగలేదని తమ్ముడు చెప్పలేకపోయాడు.