తినొద్దన్న మాట

అయిదు నెలలుగా నెలసరి రాకపోయినా చెల్లెలు ఎవరికీ చెప్పలేదు. గడ్డం కింద మొలిచిన వెంట్రుకలను అద్దంలో చూసుకున్న రోజున మాత్రం ఒళ్లు జలదరించి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. అలాంటి వెంట్రుకలనే అక్క ఏళ్ల తరబడి తలుపు వేసుకుని పీక్కునేది.

"పీసీఓఎస్. హార్మోన్లు గాడి తప్పాయి," అంది డాక్టరమ్మ రిపోర్టులు చూసి. "ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"మా అక్కకుండేదండి. ఒళ్లు తగ్గాలని కడుపు మాడ్చుకుని, ఎవరో ఇచ్చిన పొడులు మింగింది. రెండేళ్ల కిందట కొట్లోనే కుట్టుమెషిన్ మీదికి ఒరిగిపోయింది."

డాక్టరమ్మ రిపోర్టులు పక్కన పెట్టింది. "నువ్వు మాత్రం మాడొద్దు. వేళకి తిను. తీపి తగ్గించి గుడ్లు, పప్పులు, కూరగాయలు పెంచు. రోజూ నడువు, వేళకి పడుకో. మూడు నెలలాగి మందుల సంగతి చూద్దాం. కడుపు మాడితే ఒంటికి కోపమొస్తుంది, నాకొచ్చినట్టే."

బట్టలు బిగించి, వదులు చేసిచ్చే ఆ కొట్టును అక్కాచెల్లెళ్లిద్దరూ కలిసే నడిపేవారు. మర్నాడు మధ్యాహ్నం చెల్లెలు అక్కడే డబ్బా మూత తీసింది. అక్క వాడిన, గుడ్డ కప్పి ఉంచిన మెషిన్ వైపు నుంచి, కాస్త బొంగురుగా, అక్క గొంతే వినిపించింది.

"తినకే. ఇప్పటికే ఎక్కువైంది."

 డబ్బా మూసేసింది. సాయంత్రానికి ఆకలికి ఆగలేక, నిలబడినచోటే ఒక బిస్కెట్ పొట్లం ఖాళీ చేసింది.

ఆ గొంతు రోజూ వచ్చేది. చివరికి చెల్లెలు మెషిన్‌కు ఎదురుగా కుర్చీ వేసుకుని, "తింటానక్కా," అని బదులిచ్చి తినడం అలవాటు చేసుకుంది. ఫోన్లో మాట్లాడుతోందనుకుని, బట్టలివ్వడానికొచ్చిన ఒకావిడ, "మీ అక్కకి మీరంటే ఎంత ప్రేమండీ," అంది కూడా.

డాక్టరమ్మను కలిసిన మూడో నెలలో అక్క మెషిన్ పట్టుకెళ్తానని బావ వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎవరితో మాట్లాడుతున్నావు?"

"అక్కతో. తినకే, ఇప్పటికే ఎక్కువైంది అంటోంది."

బావ లోపలికొచ్చాడు. స్టూలు మీద కూలబడ్డాడు.

"అది మీ అక్క మాట కాదు. నాది. తను కంచం ముందు కూర్చున్నప్పుడల్లా అనేవాణ్ణి, సరదాకి. తను నవ్వేది. నవ్వుతోంది కదా అనుకున్నాను." చేతుల్లోకి చూసుకున్నాడు. "నాకూ వినబడుతుంది. నా గొంతుతోనే."

  ఆయన చూస్తుండగానే చెల్లెలు డబ్బాలో ఉన్నదంతా మెల్లగా, మెతుకు మిగలకుండా తింది. బావ మెషిన్ ముట్టుకోకుండానే వెళ్లిపోయాడు.

మరుసటి నెల నెలసరి వచ్చింది. బాత్రూం గోడకు ఆనుకుని చాలాసేపు ఏడ్చింది. నడుము కొద్దిగా తగ్గింది, గడ్డం కింద వెంట్రుకలు అలాగే ఉన్నాయి. "గాడిన పడుతున్నావు, ఆపకు," అంది డాక్టరమ్మ.

గొంతు మాత్రం ఆగలేదు. ఇప్పుడు అది వింటే చెల్లెలికి భయం వేసేది కాదు. చచ్చిపోయాక కూడా అక్క ఆ పరాయి మాటనే మోస్తోందని బాధేసేది.

ఒక మధ్యాహ్నం బావ ఫోన్ చేశాడు.

"ఇంకా వినబడుతోందా?"

"ఆఁ. మీకు?"

"రోజూ."

 "మీరు తిన్నారా?" అని అడిగింది చెల్లెలు. లేదన్నాడు.

"తినండి బావా," అని ఫోన్ పెట్టేసి, తన డబ్బా దగ్గరికి లాక్కుంది.