ఒక్క గిన్నె పాలు

మా అన్న బిచియోక్ మా మరిదిని బల్లెంతో పొడిచి చంపిన రోజు నుంచి నేను మా అమ్మ చేతి నీళ్ళు తాగలేదు. రెండు ఇళ్ళ మధ్య నెత్తురు పడ్డాక, అది తీరేదాకా ఒకే గిన్నెలో తినకూడదు, తాగకూడదు. కాదని తాగితే చస్తారు. మా అమ్మ ఇల్లు వాగు అవతలే. జబ్బుపడి లేవలేకపోతోందని తెలిసి వెళ్ళాను. గుమ్మం బయటే కూర్చుని, పలకరించి, ఎండిన గొంతుతో తిరిగొచ్చాను.

శాంతి కాపాడటానికి పరాయి దేశాల నుంచి వచ్చిన నీలి టోపీల సైనికులు రెండు వైపుల పెద్దల్నీ కూర్చోబెడతామన్నప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. వాళ్ళ కెప్టెన్ గన్సుఖ్‌ది మంగోలియా. మాలాగే అతనిదీ పశువుల మీద బతికే ఇల్లే. పొదుగు చూసి ఆవు ఎన్ని పాలిస్తుందో చెప్పేవాడు. మనిషి ముఖం చూసి మాత్రం ఒక్క ముక్క చెప్పలేడు, అది వేరే సంగతి.

చింతచెట్టు కింద మా పుట్టింటివాళ్ళు ఒకవైపు, అత్తింటివాళ్ళు ఒకవైపు కూర్చున్నారు. కెప్టెన్ ఇత్తడి గిన్నె నిండా పాలు తెచ్చాడు. తను ఒక గుక్క తాగి, రెండు చేతులతో మా మామగారు టుట్‌కు అందించాడు.

"మీరు తాగి అటువాళ్ళకివ్వండి. అందరం ఒకటే" అన్నాడు. దుబాసీ ఆ మాట సగం మింగేశాడు.

మామగారు కదల్లేదు. కెప్టెన్ ముఖం ఎర్రబడింది. "మా ఊళ్ళో ఇచ్చిన గిన్నె ముట్టకపోతే ముఖాన ఉమ్మేసినట్టే!"

మామగారు లేచారు. "ఒకణ్ణి వాళ్ళు చంపారు. మిగతావాళ్ళని ఈయన చంపుతాడట. లేవండ్రా!"

అటువైపు మా బాబాయిలు బల్లేలు అందుకున్నారు. ఇక మా అమ్మ ఇల్లు నాకు జన్మలో దక్కదనుకున్నాను. పెద్దల మధ్య ఆడదాని నోరు లేవకూడదు. నా నోరు ఎప్పుడు చెబితే విన్నది గనక! పరుగెత్తి వెళ్ళి, గిన్నె లాక్కుని, పాలన్నీ నేలమీద పారబోశాను.

"అయ్యయ్యో, పాలు!" అన్నారు రెండు వైపులవాళ్ళూ. చాలాకాలానికి కలిసి అన్న మాట అదే.

"నేలను తాగనీండి. దానికి చావు లేదు" అని, కెప్టెన్ వైపు తిరిగాను. "అయ్యా, మీ ఊళ్ళో తాగకపోతే తప్పు. మా ఊళ్ళో నెత్తురు తీరకుండా కలిసి తాగితే చావు. మీ క్యాంపులో రెండు కుండలు లేవా?"

ఈసారి దుబాసీ ఒక్క ముక్క వదల్లేదు. కెప్టెన్ గిన్నెను చొక్కా చేతితో తుడిచాడు. "మా అమ్మ ఇచ్చిన గిన్నె ఇది. ముందు అడగాల్సింది" అన్నాడు.

రెండు కుండలు వచ్చాయి. ఎవరి కుండ వాళ్ళ దగ్గర పెట్టించాడు.

"ఇంటికి రావే కోడలా, నీ పని చెబుతా" అంటూనే మామగారు మళ్ళీ కూర్చున్నారు. ఆ పని ఇప్పటిదాకా చెప్పలేదు.

పోయిన ప్రాణానికి మా పుట్టింటివాళ్ళు ఇవ్వాల్సిన ఆవుల బేరం వానలదాకా సాగింది. ఆవులు వాగు దాటి వచ్చాక, నెత్తురు తగాదాలు తీర్చే పెద్దమనిషి భుజాన చిరుత తోలు కప్పుకుని ఒక ఎద్దును బలిచ్చాడు. ఇప్పుడు కలిసి తాగాలి. కెప్టెన్ ఇత్తడి గిన్నె కోసం క్యాంపుకు కబురంపాడు. మామగారు తాగి మా అన్నకిచ్చారు. అన్న తాగడం కంటితో చూసి, నేను అక్కడ ఒక్క క్షణం ఆగలేదు.

ఆ జబ్బుతో అమ్మకు చూపు పోయింది. సొరబుర్రతో నీళ్ళు ముంచి, తడుముకుంటూ నా నోటికందించింది. గటగటా తాగాను.

"మెల్లగా తాగవే, పొలమారుతుంది" అంది.

నాకు ఏడుపు ఆగలేదు. సొరబుర్ర ఖాళీ చేసి, ఇంకాస్త పొయ్యమన్నాను.