బర్నబే గిన్నెలో 1961

ఫ్రాన్సులో షాతో ఎస్కుబెల్ అనే ద్రాక్షతోట బంగళాలో వంటింటి పెత్తనం నాది. ముప్ఫై ఏళ్లుగా ఈ దొరలకు వండిపెడుతున్నాను గానీ, భోజనాల దగ్గర వాళ్ల వైన్ కబుర్లు వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఆ రోజు తోటపని చేసే బర్నబేకి ఆఖరి రోజు, అందుకని దొరల బల్ల దగ్గరే భోజనానికి కూర్చోబెట్టారు. నలభై నాలుగేళ్లు ఈ తోటలో ద్రాక్ష తీగలు కత్తిరించాడు. 1961 మే నెలలో మంచు విరుచుకుపడితే, వరుసల మధ్య గడ్డి తగలబెట్టి తీగలను దక్కించింది ఆయనే. ఆ ఏటి ఎర్ర వైన్‌ను లోకమంతా నెత్తిన పెట్టుకుంది. బర్నబేకి మాత్రం ఒక్క చుక్క దక్కలేదు. వెళ్లేముందు దాన్నొకసారి రుచి చూడాలన్నాడు, అంతే.

నేలమాళిగలో ఒకే ఒక్క సీసా మిగిలి ఉంది. పారిస్ నుంచి రాబోయే వైన్ పండితుడి కోసం దొర ఏమెరిక్ దాన్ని దాచాడు. ఆయన తల్లి, మా పెద్దమ్మగారు, "తెచ్చి బిరడా తియ్యరా" అనేసరికి ముఖం మాడ్చుకుని తెచ్చాడు.

"ముందు వాసన చూడు. తర్వాత నోట్లో తిప్పు," అని పాఠం మొదలుపెట్టాడు. "ఒక్క గ్లాసు చాలుగా?"

"చాలండి దొరగారూ."

బర్నబే గిన్నెలో నా క్యాబేజీ సూప్ నాలుగు చెంచాలు మిగిలి ఉంది. గ్లాసెడు వైనూ అందులో కుమ్మరించి, గిన్నె రెండు చేతులతో ఎత్తి గుటగుటా తాగేశాడు. మా పల్లెల్లో సూప్ ముగించేది అలాగే.

"అది అరవై ఒకటయ్యా," అన్నాడు దొర.

"తెలుసండి." బర్నబే మీసం తుడుచుకున్నాడు. "పొగ వాసన తగల్లేదు. ఆ గడ్డి పొగ తీగకి పట్టి వైన్‌లోకి దిగిందేమో, నా చేతులతో నేనే పాడుచేశానేమో అని ఇరవై ఎనిమిదేళ్లుగా భయపడుతున్నానండి. ఎవర్నడిగినా నవ్వుతారని అడగలేదు."

నాకు ఏడుపొచ్చింది. గరిటె కోసం వెతుకుతున్నట్టు అటు తిరిగాను.

పెద్దమ్మగారు తన గిన్నె ముందుకు తోశారు. "నాకూ పొయ్యరా. మీ నాన్న రోజూ ఇలాగే తాగేవాడు. నువ్వు పారిస్‌లో చదివొచ్చాకే ఈ ఇంట్లో వాసనలు చూడ్డం మొదలైంది."

సీసా బల్ల చుట్టూ తిరిగి దొర దగ్గరికి వచ్చింది. అడుగున కాస్త మిగిలింది. ఆయన దాన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు.

"గ్లాసు తేనా, సూప్ వడ్డించనా దొరగారూ?" అని అడిగాను.

"సూపే," అన్నాడు మెల్లగా, ఎవరి వైపూ చూడకుండా.