జానెడు అతుకు

కళ్ళల్లో మందుచుక్కలు పడ్డాక రెప్పలు బిగించి కూర్చోవడం ఆయనకు పొద్దున్నే పడే శిక్ష. చుక్కలు వేసేది భార్య. కదలకండి అంటుంది, కదిలితే చంటిపిల్లాణ్ణి కసిరినట్టు కసురుతుంది. ఒకప్పుడు ఆయన మంచి వెల్డరు. చిన్న చిన్న అతుకులకు ముసుగెందుకులే అని కళ్ళు మూసుకుని అంటించేసేవాడు. ఆ చిన్న చిన్న మెరుపులే పోగై చూపును తినేశాయి. ఇప్పుడు గొంతు వింటే తప్ప మనిషిని పోల్చుకోలేడు. అతుకు బాగోగులు మాత్రం వేలికొసలతో తడిమి చెప్పేస్తాడు.

"మావాణ్ణి కాస్త కనిపెట్టుకుని ఉండండి. రాత్రి అన్నం కెలికి వదిలేశాడు" అంది ఆమె.

మావాడంటే ఆమె తమ్ముడు. తల్లి పోయినప్పుడు చంకనేసుకుని తెచ్చుకుంది. పిల్లల్లేని ఆ ఇంట్లో కొడుకూ వాడే, అల్లరీ వాడే.

వెల్డింగు షెడ్డులో ఆయన్ని టకటకాయన అంటారు. పెద్ద ట్యాంకులో ఒకడు దిగి వెల్డింగు చేస్తుంటే, పైన మూత దగ్గర స్టూలేసుకుని కూర్చుని, ఉండుండి సుత్తితో రెండు దెబ్బలు కొట్టడం ఆయన ఉద్యోగం. లోపలివాడు తిరిగి రెండు కొట్టాలి. కొట్టకపోతే కేకేసి, వాడి నడుముకున్న తాడు పట్టి లాగాలి. కూర్చుని తినే ఉద్యోగమని వేళాకోళమాడేవాళ్ళు లేకపోలేదు. ఆయన చెవిన వేసుకోడు. కొత్తవాడెవడు చేరినా ఆయన చెప్పే పాఠం ఒకటే: లోపల మనిషి పడిపోతే వెనకాలే దూకకు, దూకావో శవాలు రెండవుతాయి.

ఆ రోజు ట్యాంకులోకి దిగింది బావమరిదే. ముందురోజు వాడు వేసిన అతుకు నిండా గాలి బుడగలు. రేపు కూడా ఇలాగే వస్తే ఇక పనిలోకి రానక్కర్లేదని మేస్త్రీ నలుగురిలో కడిగేశాడు. అందుకే రాత్రి అన్నం దిగలేదు. అయినా నోరు ఊరుకోదుగా. అక్క తిట్లకన్నా నీ సుత్తి చప్పుడే నయం బావా అంటూ నిచ్చెన దిగాడు.

కాసేపటికి లోపలినుంచి కేక. ఫ్యాను గాలికి గ్యాసు చెదిరిపోతోందట, బుడగలు మళ్ళీ వస్తున్నాయట, ఆపమని. అతుక్కి గాలి తగలకుండా కాచే గ్యాసు అది. రంగు లేదు, వాసన లేదు. గాలికన్నా బరువు కనుక అడుగున చేరి ఊపిరాడే గాలిని పైకి నెట్టేస్తుంది. పైనుంచి ఫ్యాను ఊదుతున్నంతసేపే లోపలివాడికి ప్రాణం. ఆయన కుదరదన్నాడు. వాడు మళ్ళీ అడిగాడు, ఈయన మళ్ళీ కుదరదన్నాడు.

"ఇవాళ కూడా పాడైతే అక్కకి మొహమెలా చూపించను బావా?"

ఆ గొంతులో ఏడుపుంది. ఆయన మనసు నీరైపోయింది. చివరి మూరెడు అయ్యేవరకే సుమా అని చెప్పి ఫ్యాను ఆపాడు.

రెండు కొట్టాడు. రెండు వినిపించాయి. ఇంకాసేపాగి కొట్టాడు. ఒకటే వినిపించింది, అదీ మెల్లగా. పనిలో పడి ఉంటాడులే అనుకున్నాడు. మళ్ళీ కొట్టాడు. ఏమీ లేదు.

ఫ్యాను వేశాడు. గొంతు చించుకుని అరిచాడు. భోజనాల వేళ, అందరూ అవతలి చివరనున్నారు. తాడు లాగితే తేలిగ్గా, ఒట్టిగా పైకొచ్చేసింది. కాళ్ళకు అడ్డం పడుతోందని వాడెప్పుడో విప్పేసుకున్నాడు. ఈ కళ్ళకది కనబడలేదు. ఆయన ఒక కాలు లోపలికి పెట్టాడు. నిచ్చెన మెట్టు పాదానికి తగిలింది. అక్కడే ఆగి, కాలు వెనక్కి తీసుకున్నాడు. ఇన్నేళ్ళుగా చెప్పిన పాఠమే ఆపిందో, భయమే ఆపిందో, ఆయనకే తెలియదు. ఇక తెలియబోదు కూడా. అరుస్తూనే ఉన్నాడు, కొడుతూనే ఉన్నాడు.

ఊపిరి ముసుగులు, గాలి సిలిండర్లు తగిలించుకుని తోటివాళ్ళొచ్చి పైకి తీసేసరికి వాడు లేడు. నిద్రపోతున్నట్టే ఉన్నాడని ఎవరో అన్నారు. నువ్వు దిగకపోవడమే మంచిదైందని మేస్త్రీ భుజం తట్టాడు. ఫ్యాను సంగతి ఎవరూ అడగలేదు. వాళ్ళొచ్చేసరికి అది తిరుగుతూనే ఉంది మరి.

భార్య వచ్చింది. చాలాసేపు తమ్ముడి తల నిమురుతూ కూర్చుంది. తర్వాత ఆయన వైపు తిరిగింది.

"మీరు బయటే ఉన్నారు కదా?"

"ఊఁ."

ఆమె లేచింది. తమ్ముణ్ణి ఎక్కించిన బండిలో తనూ ఎక్కింది. రమ్మని ఆయన్ని పిలవలేదు.

షెడ్డు ఖాళీ అయింది. వాడి సామాన్లు తేవాలని తనకు తానే చెప్పుకుని ఆయన నిచ్చెన దిగాడు. ఫ్యాను గాలి చల్లగా మెడకు తగులుతోంది. ముసుగు దొరికింది, సుత్తి దొరికింది. గోడ పట్టుకుని అతుకును మొదటినుంచీ వేలికొసలతో తడుముకుంటూ వెళ్ళాడు. నున్నగా ఉంది. సూదిమొనంత బుడగైనా లేదు. చివర జానెడు మేర మాత్రం, రెండు రేకుల మధ్య సందు తెరుచుకునే ఉంది.