తీపి యాడ పోయింది?

మా ఆయన హనుమప్పకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ కోపానికి నా ద్రాక్షతోట బలయ్యే రోజు కూడా వచ్చింది. నా తోట అని ఎందుకంటున్నానంటే, పాసుపుస్తకంలో పేరు ఆయనదే గానీ, తీగలు నాటిందీ, పందిరెక్కించిందీ, తెగులు పట్టిన ఆకులు ఏరిందీ నేను. ఆయన చేసిందల్లా కోతకు ముందు నాలుగు పళ్ళు నోట్లో వేసుకుని "చక్కెర!" అని ఊరంతా చాటడం.

మా తోట హిందూపురం నుంచి పెనుకొండ పోయే రోడ్డు పక్కనే ఉంది. పంటంతా కర్ణాటకలో ఒక వైనరీకి పోతుంది. మా పండుతో చేసిన రెడ్ వైన్ రుచి చూడండని వాళ్ళు రైతులను భోజనానికి పిలిచారు. ఆడదాన్ని నేనొక్కదాన్నే వెళ్ళాను. మా ఆయన మీసం దువ్వుకుని ఒక గుటక వేసి, ఆముదం తాగినట్టు మొహం పెట్టాడు.

"ఇది నా పండు కాదు. తీపి యాడ పోయింది?"

అక్కడ పనిచేసే తనూజ హిందూపురం పిల్లే. "ఈస్టు అని కంటికి కనపడని పురుగు, అది తినేసింది పెద్దాయనా. పండులో తీపి తిని మత్తుగా మారుస్తాది. తీపంతా అయిపోతే దాన్ని డ్రై వైన్ అంటారు. మీ పండు అంత తీపి కాబట్టే ఇది ఇంత గట్టిగా ఉండాది" అంది ఓపిగ్గా.

రొళ్ల నుంచి వచ్చిన రైతు తిమ్మరాజు ఊరుకుంటాడా? "ఏమప్పా హనుమప్పా, నీ చక్కెర చీమలెత్తుకపోయినాయా?" అన్నాడు. రైతులందరూ గొల్లుమన్నారు.

ఇంకేముంది, మా ఆయన భగ్గుమన్నాడు. "పట్టుపురుగు ఆకు తింటే ధర్మవరంలో చీరైనా అయితాది. వీళ్ళ పురుగు నా తీపి తిని పులుసు ఇస్తాదా? తోట పీకేసి మల్బరీ ఏస్తా!" అంటూ బయటికి పోయాడు. మిగతా మగవాళ్ళు నవ్వుకుంటూ భోజనాలకు లేచారు.

ఆడవాళ్ళకు తీపి నచ్చుతుందట. తనూజ నా ముందు వేరే వైన్ పెట్టింది. ఒక చుక్క నాలుక మీద వేసుకుంటే అచ్చం దగ్గుమందే. ఛీ అనుకుని, మా ఆయన వదిలేసిన గ్లాసు అందుకున్నాను. పచ్చి నేరేడుపండు కొరికినట్టు వగరు నాలుకను పట్టేసింది. మింగాక వాసన తెలిసింది. గుత్తులు కోసిన రోజు ఎంత కడిగినా నా చేతులను వదలని వాసన అది. సంతోషంతో ఏడుపొచ్చింది నాకు. గ్లాసు ఖాళీ చేసి ఇంకొంచెం పొయ్యమన్నాను. తనూజ నోరెళ్ళబెట్టింది గానీ పోసింది.

వారం తిరక్కముందే తోటలోకి జేసీబీ వచ్చింది. నడిపేవాడు మా ఊరి తిరుపాల్. నేను పరుగున పోయి మొదటి వరుసలో పందిరి మోసే రాతి కూసానికి వీపు ఆనించి నిలబడ్డాను.

"ఏమయ్యా, పిచ్చి గిచ్చి పట్టిందా నీకు?"

"నలుగుర్లో నవ్వులపాలైనా. ఆ పులుసు కోసం నా పండు ఇచ్చేదే లేదు. తప్పుకో!"

"నీకు నచ్చలేదు. నాకు నచ్చింది."

"నీకెట్ల తెలుసే?"

"తాగినా. నువ్వొదిలేసి పోయిన గ్లాసే. బాగుండాదని ఇంగా పోయించుకున్నా."

ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. గబుక్కున రోడ్డు వైపు చూశాడు. ఆటో కోసం నిలబడిన ఊరివాళ్ళు మమ్మల్నే చూస్తున్నారు. జేసీబీ మోతలో వాళ్ళకు మా మాటలు వినపడలేదు.

"మెల్లగా చెప్పే!"

"యాల మెల్లగా? నా చేతుల్తో పెంచిన పండు, దాని రుచి నేను చూడకూడదా? నువ్వు తాగితే దర్జా, నేను తాగితే తప్పా? ఆ తిరుపాల్‌ను ఇంజను ఆపమను. రోడ్డు మీదోళ్ళకంతా ఇనబడేటట్టు మళ్ళీ చెప్తా."

తిరుపాల్‌కు ఏం అర్థమైందో, "ఆపాల్నా అప్పా?" అంటూ తాళంచెవి మీద చెయ్యి వేశాడు.

"ఆపొద్దురా సామీ!" మా ఆయన రెండు చేతులూ ఊపుతూ బండికి ఎదురు పరుగెత్తాడు. "ఆపొద్దు! అట్లనే ఎనక్కి తీసకపో!"

జేసీబీ రోడ్డెక్కి పెనుకొండ వైపు తిరిగేదాకా నేను అక్కణ్ణుంచి కదల్లేదు.